పెద్ద కొంగ

ఆఫీసులో ఆమెని అందరూ కత్తెర అంటారు. ఎదురుగా అనరు. కానీ ఆమెకి తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. సమీక్షలు రాసేవాళ్ళకి ఇలాంటి పేరు రావడమంటే పదిమందీ చదువుతున్నారనే లెక్క. వెన్నపూస అని పిలిపించుకున్న సమీక్షకుణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కత్తెర పని యానిమేషన్ సినిమాలు చూసి రాయడం. పత్రిక కాగితం మీద కాదు, ఇంటర్నెట్లో వస్తుంది. ప్రతి శుక్రవారం ఆమె పేజీ. పైన సగం పెద్ద స్టూడియోల సీరీసులు. వాటి గురించి రాయడానికి ఆమెకి ఈ మధ్య మాటలు కరువయ్యాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు అరచేతులంత కళ్ళు, మాటకు ముందు కన్నీళ్ళు, లోకాన్ని కాపాడే పని బడిపిల్లలకి అప్పజెప్పి చేతులు కట్టుకు కూర్చునే పెద్దలు. మూడో సీజన్‌కొచ్చేసరికి కథ అయిపోయి, చచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే లేపుకుంటూ పోతారు. కింద సగం మాత్రం పైలట్లది. పెట్టుబడి పెట్టేవాళ్ళు దొరికితే మేము తీయబోయే సీరీస్ ఇలా ఉంటుంది అని చూపించుకోవడానికి చేసుకున్న మొదటి ముక్కే పైలట్. వాటిని తీసేది ఒకరో ఇద్దరో, అద్దె గదుల్లో, వేరే ఉద్యోగం చేసుకుంటూ. చానల్ వాళ్ళు పేజీ తెరిచి ముందు చదివేది ఆ కింద సగమే. అక్కడ ఆమె ఒక మంచిమాట రాస్తే ఆ పిల్లలకి ఫోన్లు వస్తాయి. రాయకపోతే రావు.

ఆమె చూసే పద్ధతి ఒకటుంది. ఏ సినిమానైనా ముందు శబ్దం ఆపేసి బొమ్మ ఒక్కటే చూసేది. తర్వాత తెర అటు తిప్పేసి శబ్దం ఒక్కటే వినేది. రెండూ కలిపి చూస్తే ఒకదాని తప్పు ఇంకొకటి కప్పేస్తుందని ఆమె నమ్మకం. "దొంగల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగితేనే నిజం బయటపడుతుంది" అనేది. మూడోసారి రెండూ కలిపి చూడాలన్నది కూడా ఆ పద్ధతిలో ఉన్నదే. కానీ పని మీద పని వచ్చి పడుతుంటే మూడోసారికి తీరికెక్కడిది?

ఎడిటర్‌కీ రెండు నియమాలున్నాయి. పైలట్ ఆమె చేతికి ఇచ్చే ముందు తీసినవాళ్ళ పేర్లు కత్తిరించేస్తాడు, మొహమాటాలుండకూడదని. ఆమె రాసింది పేజీలో పెట్టే ముందు తీసినవాళ్ళకి పంపిస్తాడు, పొరపాటు వివరాలేమైనా ఉంటే చెప్పమని. అభిప్రాయాల మీద వాదన పెట్టుకోకూడదు. వాదన పెట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఎడిటర్ ఆ తిట్లు చదివి, "మన కత్తెరకి పదును తగ్గలేదు" అని నవ్వేవాడు.

ఆ సోమవారం ఆమెకొచ్చిన పైలట్‌లో మూడు కొంగలున్నాయి. తల్లి కొంగ, దాని ఇద్దరు కూతుళ్ళు పెద్ద కొంగ, కొంగపిల్ల. ఒక వంటగది. మాటల్లేవు, చప్పుళ్ళే. కొంగపిల్ల ఏ పని చేసినా పెద్ద కొంగ వెనకాలే వచ్చి పొడుగాటి ముక్కుతో దాన్ని సరిచేస్తుంది. కడిగిన పళ్ళేలు మళ్ళీ కడుగుతుంది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. చివరికి కొంగపిల్ల ఒక బొమ్మ గీస్తుంది. తన బొమ్మే. గీసి, అడక్కుండానే రబ్బరు తెచ్చి పెద్ద కొంగకి అందిస్తుంది. పెద్ద కొంగ బొమ్మలో ముక్కు చెరిపి గీస్తుంది, చెరిపి గీస్తుంది, అలా చెరుపుతూ చెరుపుతూ కాగితం దాటి కొంగపిల్ల అసలు మొహం కూడా చెరిపేస్తుంది. మొహం లేని పిల్ల బుద్ధిగా నిలబడి ఉంటుంది. పెద్ద కొంగ తృప్తిగా రబ్బరు దులుపుతుంది. అంతే.

కత్తెర ఆఫీసులో శబ్దం లేకుండా చూసింది. గీత సన్నగా వణుకుతూ బతికున్నట్టుంది. కిటికీ తెర మీద గళ్ళు ఎంత బాగా వేశారో అనుకుని రాసుకుంది. పెద్ద కొంగ కనిపించినప్పుడల్లా మాత్రం ఒంట్లో ఏదో చిరాకు. బాగోలేని సినిమా చూస్తే వచ్చే చిరాకు వేరు. అప్పుడు ఆవలింత వస్తుంది. ఇది వేరే రకం. ఎందుకొచ్చిందని ఆమె ఆగి ఆలోచించుకోలేదు.

శబ్దం సంగతి ఇంటికెళ్ళాక చూసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది. అమ్మ అప్పుడే పళ్ళేలు కడిగి బోర్లించింది. కత్తెర ఒకటి తీసి వేలితో రాసి చూసింది.

"కడిగాను కదే" అంది అమ్మ.

"జిడ్డుందమ్మా."

"నీ వేలికే ఉంది జిడ్డు."

"ప్చ్" అని కత్తెర పళ్ళేలన్నీ మళ్ళీ తొట్టిలో వేసి కడగడం మొదలుపెట్టింది. చెవుల్లో పైలట్ నడుస్తోంది. నీళ్ళ చప్పుడు, పళ్ళేల చప్పుడు, మధ్యమధ్య ఒక "ప్చ్". చేతుల కింద నీళ్ళ చప్పుడేదో, చెవుల్లో నీళ్ళ చప్పుడేదో తెలియకుండా కలిసిపోయాయి. శబ్దంలో శుభ్రత లేదు, అంతా గజిబిజిగా ఉంది అనుకుంది. చేతులు తుడుచుకుని కూర్చుని ఒక్క ఊపున రాసేసింది.

"గీత బాగుంది. కిటికీ తెర మీద గళ్ళు చూడముచ్చటగా ఉన్నాయి. కానీ ఆ పెద్ద కొంగ ఉందే, అది పాత్ర కాదు, పిల్లల్ని భయపెట్టే బూచి. కడిగిన పళ్ళేలు మళ్ళీ కడిగే అక్కలు ఏ ఇంట్లో ఉంటారు? మాటిమాటికీ వినిపించే ఆ 'ప్చ్' మనిషి నోట్లోంచి వచ్చినట్టు లేదు, శబ్దాల దుకాణంలో కిలోల్లెక్కన కొనుక్కొచ్చినట్టుంది. చివరి రబ్బరు దృశ్యం అతి. ఈ సినిమా తీసినవాళ్ళు అక్క అనే మనిషిని ఎప్పుడూ దగ్గర్నించి చూసి ఉండరు."

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. దానికైనా ఒక సాకుంది, వంగి చూసుకోవడానికి మెడ లేదు. కత్తెరకి మెడ ఉంది, కళ్ళున్నాయి, చూడ్డమే ఉద్యోగం కూడా. మనుషుల్ని చూసే కంటిని మూసి గీతల్ని చూసే కంటిని మాత్రం తెరిచి పెట్టుకోవడం ఆమెకి పని నేర్పిన అలవాటు.

బుధవారం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది. చిన్నది అలా వారం మధ్యలో చేసే మనిషి కాదు. ఊరికి ఆ చివర అద్దె గదిలో ఉంటూ, ప్రకటనల కంపెనీలో బొమ్మల వెనక గోడలూ చెట్లూ ఆకాశాలూ గీసే ఉద్యోగం చేస్తుంది. ఆదివారాలు ఇంటికి వచ్చేది. ఈ మధ్య అదీ మానేసింది, పనుంది అని.

"ఈ వారం ఏం చూశావక్కా?" అంది.

"ఏవో కొంగలు. నా ప్రాణానికొచ్చాయి."

"బాగోలేదా?"

"గీసే చెయ్యి ఉంది. బుర్ర లేదు. అక్కంటే రాక్షసి అనుకున్నారు ఎవరో."

ఫోన్‌లో చెల్లెలి వెనక ఏదో యంత్రం తిరుగుతున్న హోరు.

"నిజంగా అలాంటి అక్క ఉండదంటావా?"

"ఉంటే ఆ చిన్నది ఊరుకుంటుందా? ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరగదూ? ఊరికే రబ్బరు అందిస్తూ నిలబడేవాళ్ళు ఎక్కడుంటారే? సరేగానీ తిన్నావా? గొంతేంటి అలా ఉంది? ఆ కిటికీ తెరిచి పడుకోకని చెప్పానా లేదా?"

"సరే అక్కా" అంది చిన్నది, ఫోన్ పెట్టేసింది.

కత్తెరకి మనసులో ఏదో కెలికినట్టయింది. తను రాసింది సరైనదే అని ఎవరో ఒకరు అంటే బాగుండుననిపించింది. అమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడమ్మా, నేను రోజూ ఎలాంటివి చూడాల్సొస్తోందో" అని పైలట్ పెట్టింది. అమ్మకి పద్ధతులేవీ లేవు కాబట్టి బొమ్మా శబ్దమూ కలిపే పెట్టింది. తను మాత్రం తెర వైపు కాకుండా అమ్మ మొహం చూస్తూ కూర్చుంది.

అమ్మ మొదట పళ్ళేల దగ్గర కిసుక్కున నవ్వింది. బట్టల దగ్గర ఇంకా గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగిపోయి, కళ్ళజోడు పైకి జరుపుకుని తెరకి దగ్గరగా వంగింది.

"ఇది మన చిన్నది గీసిందా?"

"ఏం మాటమ్మా అది? ఎవరో తీశారు."

"ఆ గిన్నె మూత చూడు. సొట్ట."

"సొట్ట మూతలు అందరిళ్ళలోనూ ఉంటాయి."

"నాన్న చొక్కాలతో కుట్టిన తెర కూడా అందరిళ్ళలోనూ ఉంటుందా?"

కత్తెర కంప్యూటర్ తెర వైపు చూసింది. తర్వాత తల తిప్పి వంటగది కిటికీ వైపు చూసింది. నీలం గళ్ళు, బూడిదరంగు గళ్ళు. నాన్న పోయాక ఆయన చొక్కాలు పారేయలేక అమ్మ విప్పి కుట్టిన తెర అది. కింద ఒక జేబు కూడా అలాగే ఉండిపోయింది. బొమ్మలోని తెరకీ జేబుంది. చూడముచ్చటగా ఉన్నాయని తను రాసిన గళ్ళు, పుట్టి పెరిగిన ఇంట్లో, తను రోజూ నిలబడి పళ్ళేలు కడిగే చోట వేలాడుతున్నాయి.

అప్పుడే తెర మీద పెద్ద కొంగ "ప్చ్" అంది.

 అమ్మ కాసేపటికి మెల్లగా లేస్తూ, "పెద్ద కొంగ మంచిదేనే. పాపం, ఎవరూ చెప్పకుండానే అన్నీ నెత్తినేసుకుంది" అని టీ పెట్టడానికి వెళ్ళిపోయింది. తిట్టినా ఇంత బాధగా ఉండేది కాదు.

కత్తెర మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఈసారి కళ్ళూ చెవులూ రెండూ తెరిచి చూసింది. ఎప్పుడూ తీరిక దొరకని మూడోసారి అది. నాన్న పోయేనాటికి చిన్నదానికి బూటు తాడు కట్టుకోవడం కూడా రాదు. అమ్మ షిఫ్టు ఉద్యోగంలో చేరింది. జడలు వేసింది, అన్నం పెట్టింది, బడికి తీసుకెళ్ళింది తనే. జడ వంకర పోతే విప్పి వేసింది. లెక్క తప్పితే చెరిపి చేయించింది. తప్పులుంటే బడిలో అమ్మని పిలిపిస్తారు, పిలిపిస్తే అమ్మకి ఆ పూట జీతం పోతుంది, అందుకని. అదంతా ప్రేమ కాదని ఎవరైనా అంటే కత్తెర ఒప్పుకోదు. ప్రేమే. కానీ చిన్నది గీసిన ప్రతి బొమ్మకీ ముక్కు సరిచేసింది కూడా ఈ చేతులే. ఒకసారి అలా సరిచేసిన బొమ్మకి బడిలో మొదటి బహుమతి వచ్చింది. ఇంట్లో అందరూ పొంగిపోయారు. ఆ బొమ్మని చిన్నది గోడకి పెట్టనివ్వలేదు. సిగ్గేమోలే అనుకున్నారప్పుడు.

గురువారం పొద్దున్నే ఆమె ఎడిటర్ గదికి వెళ్ళింది. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళింది. పైలట్ మా చెల్లెలిది సార్, నాకు తెలియదు, నా సమీక్ష తీసేయండి. తీసేస్తే ఎవరూ చదవరు, చిన్నదానికి పరువు దక్కుతుంది, తనకీ దక్కుతుంది. కర్ర విరగకుండా పాము చావకుండా అయిపోతుంది. సమీక్ష చిన్నదానికి మంగళవారమే వెళ్ళిపోయిందన్న సంగతి తలుపు తోస్తుంటే గుర్తొచ్చింది. అందుకా ఆ ఫోన్.

ఎడిటర్ ఆమెని చూడగానే మొహం చేటంత చేసుకున్నాడు. "రామ్మా, నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదు నేను. ఆ కొంగల వాళ్ళు జవాబు రాశారు. నువ్వు రాసిందంతా నిజమేనట. రాత్రికి రాత్రి మార్చి కొత్త కాపీ పంపారు. అదే చూసి రాయమంటున్నారు. చూడు, మన మాటకి ఎంత విలువుందో."

"నేను చూడొచ్చా సార్" అంది ఆమె. చెల్లెలి సంగతి ఇంకా చెప్పలేదు.

తన బల్ల దగ్గర కూర్చుని కొత్త కాపీ చూసింది. పెద్ద కొంగ ఇప్పుడు పళ్ళేలు కడగడం లేదు, కొంగపిల్ల కడుగుతుంటే పక్కన నిలబడి తల ఊపుతోంది. "ప్చ్" లేదు. రబ్బరు లేదు. చివర్లో బొమ్మ చూసి పెద్ద కొంగ రెక్కతో పిల్ల వీపు తడుతుంది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఉప్పు లేని కూర ఎంత చక్కగా వండినా ఏముంది?  చివరి దృశ్యం తీసేశారు అనుకోవడానికి లేదు. ఆ చివరి దృశ్యమే జరిగింది. తను చెరిపింది, చిన్నది మొహం అందించింది.

అప్పుడు లేచి మళ్ళీ ఎడిటర్ గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన నవ్వు ఆరిపోయింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు తుడిచాడు.

"నీ చెల్లెలైతే నీ సమీక్ష వెయ్యకూడదు. మంచిగా రాసినా, చెడ్డగా రాసినా."

"ఇంకెవరితోనైనా రాయించండి సార్."

"ఈ పూటకి ఇంకెవరున్నారు? సమీక్ష లేకుండా ఊరికే సినిమా పెడతాను. ఎవరైనా చూస్తే చూస్తారు." ఆగి అన్నాడు, "ఏ కాపీ పెట్టాలో వాళ్ళనే ఈ సాయంత్రం లోపు చెప్పమంటాను. కొన్నాళ్ళు పైలట్ల జోలికి నువ్వు వెళ్ళకు."

సమీక్ష లేని పైలట్‌ని చానల్ వాళ్ళు తెరవరు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికీ తెలుసు.

చెల్లెలి గది ఒక లాండ్రీ పైన. మెట్లెక్కుతుంటే కింద యంత్రాల హోరు, ఫోన్‌లో విన్నదే. తలుపు వారగా తీసి ఉంది. ఆమె తోయబోతుంటే లోపల్నుంచి "ప్చ్" అని వినిపించింది. తన గొంతే. చిన్నది పాత కాపీ చూసుకుంటోందేమో అనుకుంది, ఆ అనుకోవడంతో కాస్త ప్రాణం లేచొచ్చింది. కానీ లోపలికి చూస్తే తెర మీద ఏ సినిమా లేదు. ఎవరి ప్రకటనకో ఒక గోడ గీస్తోంది చిన్నది. ఒక ఇటుక గీసి, చూసి, చెరిపి, మళ్ళీ "ప్చ్" అంది. సొంత నోటితోనే అంటోంది, తనే అంటోందని తనకి తెలియకుండా.

కత్తెర గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇక్కడి వరకూ తన పొరపాటు ఒక్క సమీక్షే అనుకుంటూ వచ్చింది. ఒక సమీక్షయితే వెనక్కి తీసుకోవచ్చు. ఇది ఎలా తీసుకోవడం?

"ఎంతసేపైంది వచ్చి?" అంది చిన్నది వెనక్కి తిరిగి. రాత్రంతా నిద్రలేని కళ్ళు. కూర్చోమని కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వాటిని గబగబా మడతపెట్టింది.

"అవి అలా ఉండనీ" అంది కత్తెర. "నువ్వు నాకు చెప్పి ఉంటే..."

"చెప్తే నా సినిమా చూస్తావా? నన్ను చూస్తావు. గోళ్ళు కత్తిరించుకున్నానా లేదా చూస్తావు. ఎవరిదో అనుకుని చూస్తే ఏమంటావో వినాలనిపించింది."

"విన్నావుగా."

"విన్నాను. అందరిదీ ఎలా చూస్తావో నాదీ అలాగే చూశావు. అదే కావాలనుకున్నాను." నవ్వబోయింది, కుదరలేదు. "ఆ ప్చ్ ఎక్కడా కొనలేదక్కా. నువ్వు పళ్ళేలు కడుగుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను."

"పాతదే ఉంచవే" అంది కత్తెర. "కొత్తదానికంటే పాతది మంచిది. పాతదే పంపు."

"సరే అక్కా" అంది చిన్నది, వెంటనే కంప్యూటర్ వైపు తిరిగింది.

ఎంత తొందరగా అందో. ఎందుకని అడగలేదు, నిన్న ఒకటి ఇవాళ ఒకటి చెప్తావేంటని అనలేదు. అప్పుడే చెయ్యి మౌస్ మీదికి వెళ్ళిపోయింది. 

"ఆగు. నేను చెప్పానని చెయ్యకు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"నీకేది అనిపిస్తే అది."

"నాకేది అనిపించాలో చెప్పు" అంది చిన్నది. అనగానే తన మాట తనకే వినిపించినట్టుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పెద్దగా కాదు. చిన్నప్పుడు అమ్మ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నప్పుడు, నిద్ర చెడగొట్టకుండా ఏడవడం నేర్చుకున్న పిల్ల కదా, అలా.

కత్తెర లేచి వెళ్ళి కన్నీళ్ళు తుడవబోయింది. తుడవడం కూడా సరిచేయడమేనేమో అని సందేహం వచ్చింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తన కొంగు తనే పట్టుకుని నిలబడింది.

"నేను నీకు రబ్బరు ఎందుకు తెచ్చిచ్చేదాన్నో తెలుసా?" అంది చిన్నది ముక్కు తుడుచుకుంటూ. "అడక్కముందే ఇస్తే తక్కువ చెరుపుతావని."

కత్తెరకి సినిమాల మీద ఇన్నేళ్ళు రాసిన మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది కనిపించలేదు. బాగుంది, బాగోలేదు, అతి, మితి, లయ, బిగువు. వీటిల్లో ఏదీ కానిది ఒకటుంది, సోమవారం నుంచీ ఉంది.

"భయమేసిందే" అంది.

చిన్నది తలెత్తింది.

"ఆ కొంగని చూస్తే నాకు భయమేసింది. చిరాకు అనుకున్నాను. కాదు. భయమేసి, అలాంటిది లోకంలో ఉండదని రాసేశాను."

కింద యంత్రం ఆగింది. ఎవరో తడిబట్టలు తీస్తున్న చప్పుడు.

"ఎక్కడేసింది?" అంది చిన్నది. ఈసారి గొంతు వేరుగా ఉంది. బొమ్మలు గీసేవాళ్ళు పని గురించి అడిగే గొంతు.

"రబ్బరు అందిస్తుందే, అక్కడ. చెరిపేటప్పుడు కాదు. పిల్ల తనే అందించేటప్పుడు."

"నేనక్కడ నవ్వుతారనుకున్నాను."

"అమ్మ నవ్వలేదు."

"అమ్మ చూసిందా?" చిన్నది కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "మరి కొత్తదాంట్లో ఏమనిపించింది?"

"ఏమీ అనిపించలేదు."

చిన్నది తల ఊపింది. ఒప్పుకున్నట్టా, ఊరికేనా, కత్తెరకి అర్థం కాలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. ఎడిటర్ అన్నదంతా చెప్పింది, సమీక్ష రాదని కూడా. చిన్నదానికి దెబ్బ తగిలిందని మొహంలో తెలుస్తూనే ఉంది.

"నువ్వింటికెళ్ళక్కా. ఏది పంపాలో నేను చూసుకుంటాను."

"ఆదివారం వస్తావా?"

"ఇప్పుడప్పుడే రాను."

కత్తెర సరే అంది. గుమ్మం దాకా వచ్చి చూస్తే కిటికీ తెరిచే ఉంది, చల్లగాలి నేరుగా మంచం మీదికి కొడుతోంది. నోరు తెరవకుండా మెట్లు దిగిపోయింది. సగం మెట్ల మీద ఆగి మళ్ళీ పైకి చూసింది. పైనుంచి ఏ చప్పుడూ లేదు.

శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. పేజీ వచ్చింది. పైన సగం పెద్ద స్టూడియోల గురించి తను ముందే రాసిచ్చినది. కింద సగంలో నాలుగు మాటలే: ఈ వారం పైలట్, సమీక్ష లేదు. ఏ కాపీయో రాసి లేదు. తీసినవాళ్ళ పేరు దగ్గర చిన్నది తన సొంత పేరే పెట్టుకుంది.

నొక్కాలంటే చెయ్యి రాలేదు. కొత్తదైతే తను చెల్లెల్ని పూర్తిగా చెరిపేసినట్టు. పాతదైతే చెల్లెలు తనని లోకమంతా చూసేలా నిలబెట్టినట్టు. ఏది కావాలని తనని తాను అడుక్కుంటే, రెండోదే కావాలని మనసు చెప్పిన తొందరకి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. శబ్దం పెంచి, తెర ఎదురుగా పెట్టుకుని నొక్కింది.

వంటగది. నాన్న చొక్కాల తెర. కొంగపిల్ల పళ్ళెం కడిగి బోర్లించింది. పెద్ద కొంగ వచ్చింది, పళ్ళెం వైపు మెడ వంచింది. కొత్త కాపీలో ఇక్కడే తల ఊపుతుంది. 

"ప్చ్" అంది పెద్ద కొంగ, ఇల్లంతా వినపడేటట్టు.

వంటగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏమే, మళ్ళీ జిడ్డుందా?" అంది అమ్మ లోపల్నుంచి. "ఇప్పుడే కడిగాను కదే."

నేను కాదమ్మా అని నోటిదాకా వచ్చింది. తెర మీద పెద్ద కొంగ పళ్ళేలన్నీ మళ్ళీ తొట్టిలో వేస్తోంది.

"నేనేనమ్మా" అంది.